పట్టించుకోని మాటలు

మా పెద్దత్తయ్య అంటే మా నాన్నకి అక్క. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆమె అత్తవారింటి నుంచి తిరిగొచ్చేసి మా ఇంట్లో వెనక వసారా గదిలో ఉండేది. బాగున్న రోజుల్లో గోంగూర పచ్చడి నూరేది, మాకు జడలు వేసేది. బాగోని రోజుల్లో ఒకటే మాట. "నా మురుగులు ఏ షావుకారు దగ్గర పెట్టారు?" అని ఎవరు ఎదురుపడితే వాళ్ళని అడిగేది. పాలు పోయడానికి వచ్చిన మనిషిని కూడా అడిగేది. మా నాయనమ్మ పిల్లలందరికీ ఒక నియమం పెట్టింది. మురుగుల మాటెత్తితే లేచి వచ్చెయ్యాలి. వంట గురించో వాన గురించో మాట్లాడితే కూచుని జవాబు చెప్పాలి. "పట్టించుకోకండర్రా, పట్టించుకుంటే ఇంకా ఎక్కువవుతుంది" అనేది. మేం అలాగే చేశాం. నేనైతే చాలా శ్రద్ధగా చేశాను. చదువులో లాగే ఇందులోనూ మంచిపిల్లననిపించుకోవాలని ఉండేది నాకు. కొన్నేళ్ళకి ఆమె ఆ మాట అడగడం తగ్గించింది. ఆ తర్వాత మిగతా మాటలూ తగ్గించింది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇన్నాళ్ళకి ఆ నియమం గురించి మళ్ళీ ఆలోచించాల్సి రావడానికి కారణం నా ఉద్యోగం. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన చాలామంది ఆడవాళ్ళ లాగే నేనూ ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే కాంట్రాక్టు మీద పాఠాలు చెప్తున్నాను. చెప్పేది ఒక నర్సింగ్ కాలేజీలో. ఇంగ్లీషు, కమ్యూనికేషన్ నా సబ్జెక్టులు. మానసిక ఆరోగ్య నర్సింగ్ పోస్టింగ్‌కి వెళ్ళొచ్చిన పిల్లలు తమ రికార్డులు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు, ఇంగ్లీషు దిద్దిపెట్టమని. ఆ రికార్డుల్లో 'ప్రాసెస్ రికార్డింగ్' అని ఒకటుంటుంది. విద్యార్థిని ఒక పేషెంటుతో మాట్లాడి, ఆ సంభాషణని ఉన్నదున్నట్టు రాయాలి. ఒక గడిలో పేషెంటు అన్నది, పక్క గడిలో తను అన్నది, ఆ పక్కన తను వాడిన పద్ధతి పేరు, చివర విశ్లేషణ. మౌనంగా ఉంటే 'సైలెన్స్' అని రాయాలి. పేషెంటు మాటనే తిరిగి అంటే 'రిఫ్లెక్షన్' అని రాయాలి. నాటకం రాతప్రతిలా ఉంటుంది చూడ్డానికి.

ఆ కాగితాల్లోని మనుషుల కథలు నేనిక్కడ రాయను. వాళ్ళు ఆ మాటలు నాకు చెప్పలేదు, నా వ్యాసం కోసం అసలే చెప్పలేదు. చాలామంది నోట వినిపించే రెండు మాటలు మాత్రం ప్రస్తావిస్తాను. మొదటిది, "పానం నిమ్మలం లేదు." తెలంగాణ పల్లెల్లో పెరిగిన ఎవరికైనా ఇందులో ఎంత ఉందో తెలుసు. ఒంటికి బాగాలేకపోవడం, మనసుకి బాగాలేకపోవడం, ఇంట్లో బాగాలేకపోవడం అన్నీ ఆ పానంలోనే ఉంటాయి. రికార్డు ఇంగ్లీషులో రాయాలి గనక మా పిల్లలు దాన్ని 'పేషెంటుకి రెస్ట్‌లెస్‌నెస్ ఉంది' అని రాస్తారు. నేను స్పెల్లింగు దిద్దుతాను. ఉన్నదున్నట్టు రాయమన్న చోటే అసలు మాట పోయిందని ఇద్దరం గమనించం.

రెండోది ఒక ప్రశ్న. "మా ఇంటోళ్ళు వస్తరా?" దీనికి ఒక అమ్మాయి "వస్తారు, తప్పకుండా వస్తారు" అని జవాబు చెప్పింది. పద్ధతి గడిలో 'ఫాల్స్ రీఅష్యూరెన్స్' అని, అంటే ఉత్తుత్తి భరోసా అని, తనే రాసుకుంది. దాని చుట్టూ వాళ్ళ మేడమ్ ఎర్రసిరాతో సున్నా చుట్టింది. ఆ అమ్మాయి నన్నడిగింది, "మేడం, తప్పని నాకూ తెలుసు. కానీ మరేం చెప్పాల్నో చెప్పండి" అని. నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లీషు దిద్ది పంపించాను.

ఆ తర్వాతే వాళ్ళ పాఠ్యపుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. సైకలాజికల్ సిద్ధాంతాలూ చికిత్సలూ అనే అధ్యాయంలో ఫ్రాయిడ్, ఎరిక్సన్, సల్లివాన్, స్కిన్నర్, రోజర్స్, బెక్ వరసగా వస్తారు. ఒక్కొక్క సిద్ధాంతం కిందా 'నర్సు పాత్ర' అని నాలుగు వాక్యాలుంటాయి. సిద్ధాంతం మగవాడిది, పాత్ర ఆడమనిషిది. 'మాటల చికిత్స' అన్న పేరు పెట్టింది కూడా ఒక పేషెంటే. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ తమ పుస్తకంలో 'అన్నా ఓ' అని పిలిచిన బెర్తా పాపెన్‌హైమ్ అనే స్త్రీ. ఆమె తర్వాతి కాలంలో జర్మనీలో యూదు స్త్రీల ఉద్యమానికి నాయకత్వం వహించింది. నేను చూసిన నర్సింగ్ పుస్తకంలో ఆమె పేరు లేదు.

ఆ వరసలో ఒక నర్సు కూడా ఉంది. హిల్డెగార్డ్ పెప్లావ్ అనే అమెరికన్ నర్సు 1952లో తన పుస్తకం ప్రచురించింది. అది 1948 నాటికే సిద్ధమైంది. డాక్టరు సహరచయితగా లేకుండా ఒక నర్సు సిద్ధాంతం రాయడమేమిటని ప్రచురణ ఆగిపోయింది. నర్సంటే డాక్టరు చెప్పింది చేసే చేతులు మాత్రమే కాదనీ, నర్సుకీ పేషెంటుకీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమనీ ఆమె వాదించింది. ఇద్దరూ మొదట అపరిచితులే. ఆ అపరిచయం నుంచి మొదలై, పేషెంటు తన కష్టాన్ని తనే మాటల్లో పెట్టుకోగలిగే దాకా సాగి, చివరికి విడిపోవడంతో ముగిసే సంబంధం అది. ఇప్పుడు మా పిల్లలు గడులు గీసి సంభాషణలు రాస్తున్నారంటే ఆ సంప్రదాయం నుంచే. చదువుతున్నప్పుడు నాకు చాలా సంతోషమనిపించింది. వినడం ఆడవాళ్ళ స్వభావమని కాకుండా, నేర్చుకోవాల్సిన విద్య అని చెప్పిన స్త్రీ దొరికిందని.

ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. అదే దశాబ్దంలో, 1959లో, టియోడోరో ఐలన్, జాక్ మైకేల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. మనోవ్యాధుల ఆసుపత్రి నర్సుని వాళ్ళు 'ప్రవర్తనా ఇంజనీరు' అన్నారు. కెనడాలోని వేబర్న్‌లో ఉన్న సస్కాచెవాన్ ఆసుపత్రిలో వాళ్ళ పని జరిగింది. అక్కడి పేషెంట్లలో ఒకామెకి వ్యాసంలో హెలెన్ అని పేరు పెట్టారు. ఆమె మాటలన్నీ రెండు విషయాల చుట్టూనే తిరిగేవి. పెళ్ళి కాకుండా పుట్టిన తన బిడ్డ, తన వెంటపడే మగవాళ్ళు. ఏళ్ళ తరబడి అదే మాట. విసిగిపోయిన తోటి పేషెంట్లు ఆమెని కొట్టేవాళ్ళు కూడా. పరిశోధకులు నర్సులకి ఒక సూచన ఇచ్చారు. ఆమె ఆ మాటలెత్తినప్పుడు పట్టించుకోవద్దు, సవ్యంగా మాట్లాడినప్పుడు మాత్రం శ్రద్ధగా వినండి అని. కొన్ని వారాల్లో ఆ మాటలు బాగా తగ్గాయి.

ఈ పేజీ చదువుతుంటే మా వెనక వసారా కళ్ళ ముందు కనబడింది. మా నాయనమ్మ అక్షరం ముక్క రాని మనిషి. ఆమె కనిపెట్టిన నియమమే ఇది, మాట మార్పు లేకుండా.

హెలెన్ కథలో ఇంకో సంగతి ఉంది. తగ్గిన మాటలు మధ్యలో మళ్ళీ పెరిగాయి. ఎందుకా అని చూస్తే ఆసుపత్రిలో ఒక సోషల్ వర్కరు ఆమె గతం గురించి కూచుని వింటోంది. మీరు వినడం లేదు కాబట్టి వినే ఆమె దగ్గరికే వెళ్తానని హెలెన్ ఒక నర్సుతో అన్నదట. ప్రయోగం దృష్టిలో ఆ సోషల్ వర్కరు చేసింది పాడుచేసే పని.

ఐలన్‌నీ మైకేల్‌నీ దుర్మార్గులుగా చూపించడం నా ఉద్దేశం కాదు. మనుషుల్ని ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంచడమే చికిత్సగా నడిచిన రోజుల్లో, వార్డులో రోజూ జరిగే చిన్న చిన్న పనులతోనే మార్పు సాధ్యమని వాళ్ళు చూపించారు. హెలెన్ మాటలు తగ్గితే ఆమెకి దెబ్బలూ తగ్గుతాయి, అది చిన్న లాభం కాదు. మా నాయనమ్మకీ ఒక న్యాయం ఉంది. ఇంటినిండా పిల్లలు, గడప దాటితే నలుగురి నోళ్ళు, మందుకి డబ్బుల్లేవు. కూతురు పాలవాడి ముందు పలచనవకుండా కాపాడుకోవడానికి ఆమెకి తెలిసిన దారి అదొక్కటే.

మరి తప్పెక్కడుంది? నాకు తోచింది చెప్తాను. ఆ బిడ్డ నిజంగా ఉన్నాడా లేదా అన్న ప్రశ్న ఆ పద్ధతికి అవసరం లేదు. వెంటపడిన మగవాళ్ళు ఒకప్పుడు నిజంగా ఉన్నారేమో అన్న అనుమానం కూడా అవసరం లేదు. మాట ఎన్నిసార్లు వచ్చిందన్నదే లెక్క. బ్రిటిష్ తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో ఒక రకం అన్యాయం గురించి చెప్తుంది. ఒక మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఆ మనిషి మాటకున్న విలువని ముందే తగ్గించేయడం. ఆడది అన్నందుకు ఒకసారి తగ్గుతుంది. పిచ్చిది అన్నాక ఇంకేమీ మిగలదు. అప్పుడు ఆమె చెప్పేది సాక్ష్యం కాదు, లక్షణం. లక్షణానికి జవాబు చెప్పాల్సిన పనిలేదు, తగ్గిస్తే చాలు.

ఇక్కడ పెప్లావ్ దారి గురించి కూడా నాకొక ఇబ్బంది ఉంది. వినడం చికిత్స కాబట్టి వినాలంటే, వినడం వల్ల నయం కాని రోజున మానేయవచ్చా? ఫలితాన్ని బట్టే చూస్తే మా ఇంట్లో మా నాయనమ్మ పద్ధతే గెలిచింది. కాబట్టి వినడాన్ని మందు లెక్కలోంచి బయటికి తీసి చూడాలనిపిస్తుంది. జబ్బు తగ్గినా తగ్గకపోయినా, చెప్పేది నిజమైనా భ్రమైనా, ఒక మనిషి తనతో మాట్లాడుతున్నప్పుడు ఎదుటివాళ్ళు ఉన్నారన్న గుర్తింపు ఆ మనిషికి దక్కాల్సిన హక్కు. అలాగని విన్న ప్రతిదానికీ అవుననడం కాదు. ఆ తేడా నర్సింగ్ విద్యార్థినులకి బాగా తెలుసు. గొంతులు వినిపిస్తున్నాయని పేషెంటు చెప్తే, "నాకు వినిపించడం లేదు, కానీ మీకు వినిపిస్తున్నాయని తెలుస్తోంది. భయంగా ఉందా?" అని అడగమని వాళ్ళకి నేర్పిస్తారు. అందులో అబద్ధం లేదు, కొట్టిపారేయడమూ లేదు. మా ఇంట్లో చదువుకున్న పెద్దవాళ్ళెవరికీ ఆ ఒక్క వాక్యం తెలియలేదు.

ఈ లెక్కన "తప్పకుండా వస్తారు" అన్న జవాబు కూడా పట్టించుకోకపోవడమేనని నాకిప్పుడు అర్థమవుతోంది. ఒకటి లేచి వెళ్ళిపోయి మాటని ఆపుతుంది, ఇంకొకటి ప్రేమగా ఆపుతుంది. మనం రోజూ చేసేదే ఇది. "ఏం కాదులే", "అన్నీ సర్దుకుంటాయిలే" అని మన ఆడవాళ్ళం ఒకళ్ళ కష్టాన్ని ఇంకొకళ్ళం ఎన్నిసార్లు మూత పెట్టలేదు!

ఇదంతా ఒక స్టాఫ్ నర్సుతో అన్నాను. ఆమె నవ్వి, "మేడమ్, స్టూడెంటుకి ఒక పేషెంటు. నాకు వార్డు మొత్తం. మందులివ్వాలి, రికార్డులు రాయాలి, ఎవరు పడిపోతారో చూసుకోవాలి. వస్తారమ్మా అంటే ఒక్క మాటతో అయిపోతుంది. మీరు చెప్పినట్టు అడిగితే ఆమె అరగంట చెప్తుంది. ఆ అరగంట ఎవరిస్తారు నాకు?" అంది. నాకు సిగ్గనిపించింది. హక్కు అని ఇంత తేలిగ్గా అనేశానే, దాన్ని తీర్చాల్సింది ఎవరో ఆలోచించకుండా.

సాహిత్యంలో నేను చేసిన తప్పూ ఇదే. గిల్బర్ట్, గూబర్ 1979లో రాసిన విమర్శ పుస్తకం చదివిన దగ్గర్నుంచీ 'జేన్ ఐర్' నవలలో అటక మీద బందీ అయిన బెర్తా మేసన్ గురించే ఆలోచిస్తూ వచ్చాను. క్లాసుల్లో చెప్పాను, సెమినార్లలో మాట్లాడాను. అదే గదిలో రాత్రీ పగలూ కూచున్న గ్రేస్ పూల్‌ని చూడనేలేదు. ఆమెని పిచ్చివాళ్ళని చూసుకునే ఒక సంస్థ నుంచి జీతమిచ్చి తెచ్చారు. ఆ జీతం ఎక్కువని మిగతా పనివాళ్ళు గుసగుసలాడతారు. ఆమె జిన్ తాగి నిద్రపోయినప్పుడు బెర్తా తాళాలు తీసుకుంటుంది. పాఠకులం ఆ తాగుడే గుర్తుపెట్టుకుంటాం. ఎన్నేళ్ళుగా ఆమెకి బదులుగా ఇంకో మనిషి రాలేదో అడగం. జీన్ రీస్ ఒక్కతే 1966 నాటి తన నవల చివరి భాగాన్ని గ్రేస్ పూల్ గొంతుతో మొదలుపెట్టింది. ఆ పేజీలు ఎన్నోసార్లు చదివి కూడా నేను బెర్తా కోసం గబగబా తిప్పేశాను.

ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల మీద చేసిన అధ్యయనంలో, చిరునవ్వూ ఓర్పూ కూడా జీతానికి అమ్ముకోవాల్సి వచ్చే శ్రమేనని చెప్పింది. నర్సింగ్‌లో దీన్ని 'తనని తాను చికిత్సగా వాడటం' అంటారు. ఈ మాట నన్ను చాలా కలవరపెట్టింది. ఇంట్లో వినడానికి ఉన్నది ఆడవాళ్ళే, ఆసుపత్రిలోనూ ఎక్కువగా ఆడవాళ్ళే. పెప్లావ్ వినమంటే వినాలి, ఐలన్ వద్దంటే మానాలి. వినడం హక్కు అని నేను ఇంకో సిద్ధాంతం చెప్తే, అది కూడా చివరికి ఆ స్టాఫ్ నర్సు నెత్తిన పడే ఇంకో పని అవుతుంది. కాబట్టి నేనంటున్న హక్కులో సగం ఆమెది. వినగలిగే సమయం ఉండటం, తను విన్నది మోయలేనప్పుడు తన మాట వినే మనిషి ఉండటం. ఇవి ఆమె మంచితనంలోంచి రావు. పోస్టులు నింపడంలోంచి, డ్యూటీ గంటల్లోంచి, జీతంలోంచి రావాలి.

"మా ఇంటోళ్ళు వస్తరా?" అన్న ప్రశ్నకి కూడా నర్సు నోట్లో పూర్తి జవాబు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, కుటుంబం లేదన్న కారణంతోనో, కుటుంబం ఒప్పుకోలేదన్న కారణంతోనో ఏ మనిషినీ మానసిక చికిత్సాలయంలో ఉంచేయకూడదు. ఇంటివాళ్ళు రాకపోతే బయట బతకడానికి తగిన ఇళ్ళూ ఆసరా ప్రభుత్వం కల్పించాలి. చట్టం 2018 మే నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఇళ్ళు తగినన్ని లేని చోట ఆమె అడిగే ప్రశ్న అలాగే ఉంటుంది, నర్సు దగ్గర రెండు పద్ధతులే మిగులుతాయి. అబద్ధం చెప్పడం, లేదా మాట మార్చడం.

ప్రవర్తనా చికిత్సల లోపల కూడా ఈ లోటు గుర్తించిన స్త్రీ ఉంది. మార్షా లినెహాన్. ఆత్మహత్య ఆలోచనలతో సతమతమయ్యే వాళ్ళతో పనిచేస్తూ, ఎంతసేపూ మారమంటే వాళ్ళకి తమ బాధని కాదన్నట్టే ఉంటోందని ఆమె గ్రహించింది. మార్పుతో పాటు అంగీకారాన్నీ కలిపి కొత్త చికిత్సను రూపొందించి 1993లో పుస్తకంగా తెచ్చింది. నీ పరిస్థితిలో నీకిలా అనిపించడంలో అర్థముందని ముందు చెప్పడం అందులో ముఖ్యమైన భాగం. తను కూడా చిన్న వయసులో మానసిక ఆసుపత్రిలో పేషెంటునేనని 2011లో ఆమె బయటికి చెప్పుకుంది. అంత పేరున్న మనిషికి ఆ మాట చెప్పడానికి అన్నేళ్ళు పట్టింది. పేషెంటు అని తెలిస్తే మాట విలువ ఏమవుతుందో ఆమెకి మనకన్నా బాగా తెలుసు.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మని అడిగాను, అత్తయ్యకి మురుగులు నిజంగా ఉండేవా అని. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"ఉండేవి. పెళ్ళిలో చూశాను. ఏమయ్యాయో నాకు తెలీదు. కోడల్ని, నన్నెవరు అడగనిస్తారు?" అంది. కాసేపాగి, "నన్నూ అడిగేది. మీ నాయనమ్మ పడుకున్నాక వెళ్ళి కూచునేదాన్ని" అంది.

నాకు ఈ సంగతి ఇన్నేళ్ళూ తెలీదు. "ఏం చెప్పేదానివి?" అన్నాను.

"ఏం చెప్తాను? తెలీదు వదినా అనేదాన్ని. ఎలా ఉండేవో చెప్పు అంటే చెప్పేది, ఎన్ని కాసులో, కంసాలి ఎవరో. మళ్ళీ అదే చెప్పేది. మర్నాడు నాలుగింటికే లేవాలి కదా, ఎక్కువసేపు కుదిరేది కాదు."

సెలవుల తర్వాత కాలేజీకి వెళ్ళాక ఆ అమ్మాయిని పిలిచి, అప్పుడు నేను చెప్పలేకపోయిన జవాబు చెప్పాను. "నాకు తెలీదమ్మా అనొచ్చు. వాళ్ళ గురించి చెప్పండి అనొచ్చు. చెప్పిందాకా కూచోవాలి." ఆ అమ్మాయి రాసుకుంది. తర్వాత తలెత్తి, "ఇది ఏ టెక్నిక్ మేడం? గడిలో ఏమని రాయాలె?" అని అడిగింది.